పత్తి, మిరప మైదానంలో కౌలుదారు – భూయజమాని: నాలుగు సందర్భాలు, ఒక సంతకం

వ్యాససంగ్రహం:
పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప సాగులో కౌలుదారుల పాత్ర కీలకమైనది. కౌలుదారు తన భూయజమానిని ఎదుర్కొనే నాలుగు సందర్భాలను – భూమి అడగడం, కౌలు చెల్లించడం, సంతకం కోరడం, నష్టానంతరం వెసులుబాటు అడగడం – ఈ వ్యాసం వివరిస్తుంది. కౌలుదారు మౌనాన్ని చట్టం తెలియని అమాయకత్వంగా కాక, వచ్చే యేటి భూమిని కాపాడుకొనే లెక్కగా గుర్తించవలసి ఉందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కౌలు, భూయజమాని, పత్తి, మిరప, సాగుదారు హక్కు పత్రం, మౌఖిక ఒప్పందం.

1. ప్రవేశిక

తెలుగునాట కౌలును గూర్చిన చర్చ ఎక్కువగా డెల్టా వరి సాగును కేంద్రంగా చేసుకొని సాగింది. వరిలో దిగుబడి కొంతవరకు ఊహకు అందుతుంది. కౌలును బస్తాలలో చెప్పుకొనే వాడుక కూడ ఉంది. సత్తెనపల్లి, గురజాల, వినుకొండ, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి ప్రాంతాల మెట్ట, అర్ధమెట్ట సేద్యం ఇందుకు భిన్నమైనది. ఇక్కడి ప్రధాన పంటలైన పత్తి, మిరప రెండూ పూర్తిగా అమ్మకానికి పండించేవి. రెండింటికీ పెట్టుబడి అధికం, తెగుళ్ల బెడద ఎక్కువ, ధర నిలకడ తక్కువ. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఈ మైదానంలో అధికభాగం పల్నాడు, బాపట్ల జిల్లాలలోకి వెళ్లింది. సేద్య స్వభావం మాత్రం మారలేదు.

జాతీయ నమూనా సర్వే 77వ విడత (2019) ప్రకారం దేశంలో కౌలుకు తీసుకొన్న కమతాలు సుమారు 17 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో అవి 42 శాతానికి పైగా ఉన్నాయి. దేశంలో ఇదే అత్యధికం. ఇంత విస్తృతమైన వ్యవస్థ అధికభాగం నోటిమాట మీదనే నడుస్తున్నది. నోటిమాట ఎక్కడ పుడుతుంది, ఎక్కడ బిగుసుకొంటుంది, ఎక్కడ తెగుతుంది అన్నది తెలియాలంటే ఇద్దరు మనుషులు ఎదురుపడే సందర్భాలను పరిశీలించాలి.

2. మొదటి సందర్భం: భూమి అడగడం

మిరప చివరి కోతలు ముగిసి కల్లాలు ఖాళీ అయ్యే కాలం నుండి ఏరువాక వరకు ఈ ప్రాంతంలో కౌలు మాటలు సాగుతాయి. భూయజమాని ఊళ్లోనే ఉంటే కౌలుదారు ఇంటికి వెళ్లి అడుగుతాడు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటే ఊళ్లోని బంధువో, పెద్దమనిషో మధ్యవర్తిగా ఉంటాడు. కొన్నేళ్లు ఒకే చేను దున్నినా యజమాని ముఖం చూడని కౌలుదారులుండటం ఈ పద్ధతి ఫలితమే. అప్పుడు కౌలుదారు మెప్పించవలసింది ఇద్దరిని: భూమి ఉన్నవారిని, వారి మాట మోసేవారిని.

ఈ మాటల్లో వరుసలు కలుస్తాయి. ‘బాబాయి’, ‘మామయ్య’, ‘అన్నయ్య’ వంటి పిలుపులు, కులాలు వేరైనచోట ‘అయ్యగారు’, ‘రెడ్డిగారు’, ‘చౌదరిగారు’ వంటి సంబోధనలు బేరాన్ని బేరంలా కనిపించనీయవు. ఆ చుట్టరికపు భాషలోనే కౌలు పెరుగుతుంది. అదే చేనుకు మరొకరు ఎక్కువ ఇస్తామన్నారన్న సమాచారం ఆప్యాయంగానే అందుతుంది.

మిరప సాగుకు సంబంధించిన మరో విశేషాన్ని ఇక్కడ గమనించాలి. ఒకే నేలలో వరుసగా మిరప వేస్తే ఎండు తెగులు వంటి సమస్యలు పెరుగుతాయి గనుక సాగుదారు కొత్త నేలను కోరుకొంటాడు. ఒకే మనిషి ఎక్కువకాలం తన భూమిలో ఉండరాదని యజమాని కోరుకొంటాడు. చేను మారడం ఇద్దరికీ అనుకూలమే. అయితే ఆ మార్పే కౌలుదారు అనుభవ కాలాన్ని ఏటా సున్నాకు తెస్తుంది. వ్యవసాయ అవసరం, యజమాని జాగ్రత్త ఒకే దారిలో నడిచినా, నష్టపోయేది ఒకరి హక్కే.

3. రెండవ సందర్భం: కౌలు చెల్లించడం

పంటలో వాటా పద్ధతిలో దిగుబడి తగ్గితే ఇద్దరి భాగమూ తగ్గుతుంది. వాటా పద్ధతి వల్ల సాగుదారు శ్రద్ధ తగ్గుతుందన్న ఆల్ఫ్రెడ్ మార్షల్ వాదనకు, నష్టభయాన్ని పంచుకొనే ఏర్పాటుగా దానిని వివరించిన జోసెఫ్ స్టిగ్లిట్జ్ 1974 నాటి విశ్లేషణకు అర్థశాస్త్రంలో ప్రాధాన్యముంది. ఈ మైదానంలో ప్రబలిన పద్ధతి నగదు కౌలు. అందులోనూ విత్తు పడకముందే మొత్తమో, సగమో చెల్లించే ముందస్తు కౌలు. మిరప వేసే నీటి వసతి గల భూమికి కౌలు సాధారణంగా పత్తి భూమికంటె ఎక్కువ.

ముందుగా చెల్లించిన క్షణం నుండి వానకు, పురుగుకు, ధరకు యజమానితో సంబంధం ఉండదు. కౌలుదారు చేతికి పైకం వచ్చేది పత్తికైతే తీతలు మొదలైనాక, మిరపకైతే సంక్రాంతి తరువాత కోతలు సాగినాక. ఈ వ్యవధిని పూరించేది వడ్డీ వ్యాపారి, పురుగుమందుల దుకాణదారు, గుంటూరు మార్కెట్ యార్డు కమీషన్ వ్యాపారి. అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారికే మిరప టిక్కీలు చేరవలసి ఉంటుంది. కనుక కౌలు అన్నది ఇద్దరి మధ్య ఒప్పందంగా కనిపించినా, దాని బరువును మోసేది మూడవ మనిషి ఇచ్చిన అప్పు. యజమాని ముందు నిలబడిన కౌలుదారు ఆ అప్పుతోనే మాట నిలబెట్టుకొంటాడు.

4. మూడవ సందర్భం: సంతకం కోరడం

నాలుగింటిలో అతి సున్నితమైనది ఇదే. దీనిని అర్థం చేసుకోవడానికి చట్టాల చరిత్ర అవసరం.

1956 నాటి ఆంధ్రప్రాంత కౌలు చట్టం కౌలు పరిమాణానికి, కాలానికి హద్దులు పెట్టింది. 1974 సవరణ ఆ రక్షణను మరింత బిగించింది. కౌలు కాలం కనీసం 6 ఏళ్లు ఉండాలనడం, అప్పటికే ఉన్న కౌలుదారులకు శాశ్వత రక్షణ కల్పించడం, అమ్మకంలో కౌలుదారుకు తొలి అవకాశమివ్వడం అందులోని ముఖ్యాంశాలు. ఆచరణలో యజమానులు ఒప్పందాన్ని కాగితం మీదికి రానీయలేదు. రక్షణ ఎంత బలంగా ఉంటే, నోటిమాట అంత గట్టిపడింది. ‘కాగితం రాస్తే భూమి పోతుంది’ అన్న భయానికి మూలం ఇక్కడుంది.

2004లో నియమితమైన జయతి ఘోష్ అధ్యక్షతలోని రైతు సంక్షేమ కమిషన్, అదే ఏడాది ఏర్పడి 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూ కమిటీ కౌలుదారుల సమస్యను పాలనా చర్చలోకి బలంగా తెచ్చాయి. 2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టం యాజమాన్య హక్కు జోలికి పోకుండా సాగుదారుకు ఏడాది గడువుగల రుణ అర్హత కార్డు ఇచ్చే మార్గం చూపింది. దీనికి యజమాని సంతకం తప్పనిసరి కాదు. అయితే అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకొని ఉంటే, బ్యాంకు మరొకరికి రుణమివ్వడానికి వెనుకాడేది. సంతకం అడగనవసరం లేని కార్డు బ్యాంకు గుమ్మం దగ్గర మళ్లీ యజమాని దాకా వచ్చింది.

దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల లిఖిత ఒప్పందాన్ని, యజమాని అంగీకారాన్ని ఆధారంగా చేసుకొంది. ఏడాదికి లోపు ఒప్పందమైతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నిర్బంధ రిజిస్ట్రేషను అవసరముండదు. యజమాని భయాన్ని తీర్చడమే ఈ గడువు ఉద్దేశం. ఈ ఒప్పందం ద్వారా లభించే సాగుదారు హక్కు పత్రం (సి.సి.ఆర్.సి.) పంట రుణానికి, బీమాకు, నష్టపరిహారానికి తలుపు. 2019 అక్టోబరులో మొదలైన రైతు భరోసా పథకంలో ఏటా 13,500 రూపాయలు పొందడానికి ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల భూమిలేని కౌలుదారులకు ఈ పత్రమే ఆధారమైంది.

ఇప్పుడు సంతకం అడిగే ఘట్టాన్ని చూద్దాం. కౌలుదారు దృష్టిలో అది పథకాలకు దారి. యజమాని దృష్టిలో అది తన పంట రుణానికి అడ్డు, పాత భయానికి గుర్తు. యజమాని కాదనకపోవచ్చు. ‘వచ్చే యేడు చూద్దాం’ అన్నా చాలు, ఆ మాటలోని ‘వచ్చే యేడు’ అన్నది భూమి ఇస్తారో లేదో తెలియని సంవత్సరమే. కౌలుదారుకు మిగిలేవి రెండు దారులు: సంతకం కోసం పట్టుబట్టి చేనును పణంగా పెట్టడం, లేదా చేనును నిలబెట్టుకొని సంతకాన్ని వదులుకోవడం. అధిక సంఖ్యాకులు రెండవ దారిని ఎంచుకోవడాన్ని ‘అవగాహన లోపం’ అని నివేదికలలో రాయడం పరిపాటి. చట్టాన్ని బాగా ఎరిగినవాడు కూడ అదే ఎంచుకొనే పరిస్థితి ఉన్నప్పుడు, లోపం అవగాహనలో లేదు.

5. నాల్గవ సందర్భం: నష్టం తరువాత

2021–22లో నల్ల తామర పురుగు ఉధృతితో ఈ మైదానంలోని మిరప చేలు దారుణంగా దెబ్బతిన్నాయి. కొన్నిచోట్ల పంటను దున్నివేశారు. 2025 ఆరంభంలో పంట చేతికొచ్చినా ధర పడిపోయింది. అప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ఆధారంగా ప్రకటించవలసి వచ్చింది. మొదటిది దిగుబడి నష్టం, రెండవది ధర నష్టం. ముందస్తు నగదు కౌలు రెండింటిలోనూ మారదు.

నష్టపోయిన కౌలుదారు యజమాని వద్దకు వెళ్లేది మిగిలిన కౌలులో తగ్గింపు కోసం, లేదా వచ్చే కారుకు గడువు కోసం. ఇక్కడ చట్టం లేదు, ఉన్నది మనిషి మంచితనమే. కొందరు యజమానులు తగ్గిస్తారు, కొందరు మరుసటి యేడు సర్దుతామంటారు. తగ్గించినవారి ఉదారత నిజమైనదే, అయితే అది కౌలుదారును రుణపడినవాడిగా మారుస్తుంది. ఆ తరువాత అతడు సంతకం అడగలేడు.

ఈ నాల్గవ సందర్భానికి మరింత విషాదకరమైన రూపముంది. రైతు ఆత్మహత్య చేసుకొన్న కుటుంబాలకు అప్పట్లో 1.5 లక్షల రూపాయల సహాయాన్ని నిర్దేశించిన జి.ఓ. 421 (2004 జూన్ 1) ప్రకారం డివిజన్ స్థాయి కమిటీ విచారణ జరపాలి. మరణించినవాడు కౌలుదారైతే, అతడు ఆ చేను సాగు చేశాడని చూపవలసిన భారం భార్య మీద పడుతుంది. కాగితం లేనిచోట యజమాని మాటే సాక్ష్యం. భర్త బ్రతికి ఉండగా అడగలేని సంతకానికి సమానమైన మాటను, అతడు పోయాక ఆమె అడగవలసి వస్తుంది.

6. యజమాని వైపు నుండి

యజమానులందరినీ ఒకే గాటన కట్టడం శాస్త్రీయం కాదు. రెండెకరాల కౌలు మీద బ్రతికే వృద్ధులు, వితంతువులు, పిల్లల చదువుకు కౌలు డబ్బు మీద ఆధారపడేవారు ఈ మైదానంలో ఉన్నారు. కౌలుదారులలోనూ కొంత సొంత భూమి ఉన్నవారున్నారు. కొన్నిచోట్ల కౌలుదారే యజమానికంటె స్థితిమంతుడు. అయినా ఆస్తి హక్కు దస్తావేజులో ఉన్నవారికి, శ్రమ చేలో ఉన్నవారికి నడుమ సమాచారం, సమయం, ప్రత్యామ్నాయం సమానంగా లేవు. చిన్న యజమాని భయం కూడ నిజమైనదేనని అంగీకరించినప్పుడే పరిష్కారం ఆచరణ యోగ్యమవుతుంది.

7. పోలిక: పశ్చిమ బెంగాల్

1978లో పశ్చిమ బెంగాల్‌లో మొదలైన ఆపరేషన్ బర్గా ఈ చిక్కుముడిని మరో కొస నుండి విప్పింది. అధికారులు గ్రామాలకు వెళ్లి శిబిరాలు పెట్టి, బర్గాదారుల వాంగ్మూలాన్ని అందరి సమక్షంలో నమోదు చేశారు. సాగు చేస్తున్నానన్న వ్యక్తిని బర్గాదారుగానే భావించి, కాదని నిరూపించే భారాన్ని యజమాని మీద ఉంచింది అక్కడి చట్టం. ఒంటరిగా యజమాని గుమ్మం ముందు అడగవలసిన పనిని సామూహిక సందర్భంగా మార్చడం అందులోని కీలకం. అది పంచుకొనే పంటకు, స్థిరమైన సాగుకు సరిపోయిన నమూనా. ఏటా చేను మారే నగదు కౌలుకు దానిని యథాతథంగా తేలేము. కాని నిరూపణ భారాన్ని మార్చడమన్న సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. చేలో ఎవరున్నారో నమోదు చేసే ఈ-పంట విధానం అందుకు ఒక సాధనం కాగలదు. సాగుదారు పేరును క్షేత్ర పరిశీలనతో, యజమాని అంగీకారంతో నిమిత్తం లేకుండా నమోదు చేస్తేనే అది సాధ్యం.

8. ముగింపు

నాలుగు సందర్భాలూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. భూమి దొరకడానికి చేసిన వినయం కౌలు బేరంలో బలహీనతగా, ముందస్తు చెల్లింపు కోసం చేసిన అప్పు సంతకం దగ్గర మౌనంగా, ఆ మౌనం నష్టకాలంలో నిరాధారంగా మారుతుంది. భూమిని ఇచ్చే చేయి, సాగును ధ్రువీకరించే చేయి ఒకటే అయినంత కాలం చట్టం ఎంత ఉదారంగా రాసినా ఈ గొలుసు తెగదు. ధ్రువీకరణను యజమాని చేతి నుండి వేరు చేస్తూనే, యాజమాన్యానికి భంగం లేదన్న నమ్మకాన్ని అతనికి కల్పించడం విధానకర్తల ముందున్న పని. పరిశోధకుల ముందున్న పని మరొకటి: కార్డుల సంఖ్యను లెక్కించడంతో ఆగక, కార్డు అడగనివారు ఎందుకు అడగలేదో, ఎవరిని చూసి ఆగిపోయారో నమోదు చేయడం. ఆ కారణాలు తెలియనిదే కౌలు చట్టాల వైఫల్యాన్ని సరిగా అంచనా వేయలేము.