వజ్రం కొలిచేది వేరు, కడ్డీ చెప్పేది వేరు

అపోహ: లోహపు కడ్డీని నిమిషం పట్టుకుంటే ‘క్వాంటమ్’ మెషీన్ ఒంట్లోని అయస్కాంత క్షేత్రాన్ని కొలిచి, ఏ అవయవం ఎలా ఉందో చెప్పేస్తుంది.

వాస్తవం: చెప్పలేదు. ఉచిత శిబిరాల్లో ఈ మెషీన్ ముందుగా వయసు, ఎత్తు, బరువు అడుగుతుంది. కాసేపటికి పేజీలకు పేజీలు రిపోర్టు వస్తుంది, ఆ వెంటే పొడుల డబ్బాలు అమ్ముతారు. లేని కిడ్నీ జబ్బు ఉందని భయపెట్టడం ఒక అన్యాయం. షుగర్ నార్మల్ అన్నారని మాత్రలు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

క్వాంటమ్ పద్ధతిలో అయస్కాంత క్షేత్రాన్ని నిజంగా కొలిచే సాధనాల్లో వజ్రం ఒకటి. అందులో ఒక కార్బన్ పరమాణువు స్థానంలో నైట్రోజన్ చేరి, దాని పక్క స్థానం ఖాళీగా ఉండాలి. ఆ లోపం మీద ఆకుపచ్చ లేజర్ వేస్తే ఎర్రగా వెలుగుతుంది. 2.87 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలినప్పుడు ఆ వెలుగు తగ్గుతుంది. దగ్గర్లో అయస్కాంతం ఉంటే, వెలుగు తగ్గే ఫ్రీక్వెన్సీ ఒకటి కాస్తా రెండవుతుంది. లోపం అక్షం దిశలో ఒక్కో మిల్లీటెస్లా క్షేత్రానికి వాటి మధ్య ఎడం దాదాపు 56 మెగాహెర్ట్జ్. ఆ ఎడమే కొలత. చేతికిచ్చే కడ్డీలో లేజర్ ఎక్కడుంది? మైక్రోవేవ్ ఎక్కడుంది?

శరీరంలో అయస్కాంత క్షేత్రం ఉందన్న మాట మాత్రం నిజమే, ఒప్పుకోక తప్పదు. గుండె క్షేత్రాన్ని 1963లోనే అమెరికాలో నమోదు చేశారు. కానీ అది భూమి క్షేత్రంలో దాదాపు పది లక్షల వంతు. 2022లో జపాన్ శాస్త్రవేత్తలు వజ్రంతో ఎలుక గుండె క్షేత్రాన్ని కొలవడానికి దాని ఛాతీ తెరవాల్సి వచ్చింది. అలాంటిది అరచేతిలోంచి కాలేయం సంగతి తెలుస్తుందంటే ఎలా నమ్ముతాం?

వజ్రంతో చేసే కొలత గది వేడిలోనే జరుగుతుంది. అయితే ఉంగరంలోని వజ్రం పనికిరాదు, ఇందుకోసం ల్యాబ్‌లో ప్రత్యేకంగా తయారుచేస్తారు. 2024లో ఐఐటీ బాంబే, టీసీఎస్ కలిసి చేపట్టిన వజ్రపు ఇమేజర్ కూడా సెమీకండక్టర్ చిప్పులను పరీక్షించడానికే, ఒంటిని కాదు.

షుగర్ అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకోండి, గుండె గురించైతే ఈసీజీ తీయించుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటి శిబిరానికి వెళ్తుంటే తోడు వెళ్లండి. రిపోర్టులో ఏమున్నా సరే, డాక్టర్ చెప్పకుండా ఒక్క మాత్ర కూడా ఆపనివ్వకండి.