పాతకారులో కొత్త పంపు

1960ల నాటి అంబాసడరు కార్బురేటరునకు చదరపుటంగుళమునకు మూడు నాలుగు పౌనుల యొత్తిడి చాలును. ఎలక్ట్రానిక్ ఇంజెక్షనునకో, సాధారణముగా 43 పౌనులు కావలయును. పాతబండిని పాతగానే యుంచుట మేలని నా మతము. ఐనను మార్చువారు మార్చుచునే యున్నారు.

ఈ కొత్త పంపు ట్యాంకులోనే పెట్రోలున మునిగియుండి, దానివలననే చల్లబడును. పెక్కు పాత ట్యాంకులలో అడ్డుపలకలుండవు. మలుపులో పెట్రోలొక ప్రక్కకు పోవును, పంపు గాలి పీల్చును, ఇంజను తడబడును. కావున పంపుచుట్టును చిన్నగిన్నె నమర్చి, మిగిలిన పెట్రోలు మరలివచ్చు గొట్టమును దానిలోనికే విడువవలయును.

పంపు దింపుటకు ట్యాంకు పైభాగమును కోయవలసి యుండును. ఖాళీదే కదా యని వెల్డింగు చేయింపకుడు. నిండినదానికంటె ఖాళీ ట్యాంకే భయంకరము: లోన మిగిలిన యావిరి గాలితో కలిసి, ఒక్క నిప్పురవ్వకే ప్రేలి మనుష్యుని చంపును. నీటితో తొలిచినంతమాత్రమున నది పోదు. ఆవిరి లేదని పరికరముతో పరీక్షించినపిదపనే నిప్పు దగ్గరకు రానిండు. పాతరబ్బరు గొట్టములును ఈ యొత్తిడికి నిలువవు. ఇంజను ఆగినంతనే పంపు నాపు రిలేను తప్పక పెట్టింపుడు.