పొద్దువాలితే పైకి లేచే ‘నేల’

‘లోతు నీళ్ల చిన్న చేప మీద ముఖచిత్ర కథనం. గురువారం సాయంత్రానికి కావాలి’ అన్నారు ఎడిటర్‌గారు. నాకు చేపంటే పులుసు దాకానే తెలుసు. బొమ్మలూ పుస్తకాలూ ముందేసుకుని కూర్చుంటే, నన్ను కట్టిపడేసింది చేప బొమ్మ కాదు, ఓడ గీసిన ఒక గీతల పటం.

దాని పేరు ఎకోగ్రామ్. ఓడ అడుగు నుంచి శబ్దం పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని గీతగా మారుస్తారు. ఎడమ నుంచి కుడికి కాలం, పైనుంచి కిందికి లోతు. పగలంతా కొన్ని వందల మీటర్ల కింద దుప్పటి పరిచినట్టు మందపాటి పట్టీ. పొద్దువాలగానే అది వంపు తిరిగి పైకెక్కుతుంది. చీకటి పడేసరికి నీటి పైపొరల్లో ఉంటుంది. తెల్లారుతుంటే మళ్లీ దిగిపోతుంది.

ఆ పట్టీలో ముఖ్యమైనవి లాంతరు చేపలు. ఒంట్లోని గాలితిత్తి శబ్దాన్ని తిప్పికొడుతుంది. పైకి రావడం మేతకోసం, కిందికి పోవడం ప్రాణంకోసం. వెలుగులో ఉంటే ట్యూనా నోట్లో పడ్డట్టే.

అరేబియా సముద్రంలో దొరికే బెంథోసెమా టెరోటమ్‌నే చూడండి. చూపుడు వేలంత చేప, తలతో పోలిస్తే పెద్ద కళ్లు, పొట్ట కింద వరసగా దీపపు చుక్కలు. కిందినుంచి చూసే శత్రువుకు పైనున్న మసక వెలుతురులో దీని నీడ కనబడాలి. కానీ పొట్ట దీపాలు సరిగ్గా ఆ వెలుతురంతే వెలిగి ఆ నీడను చెరిపేస్తాయి. దీపం పెట్టుకుని దాక్కోవడమన్నమాట! పగలు ఇది ప్రాణవాయువు బాగా తక్కువున్న పొరలో గడుపుతుంది. ఆయుష్షు ఏడాది లోపే.

చరిత్ర క్లుప్తంగా: 1942లో జలాంతర్గాములను పసిగట్టే పరిశోధనల్లో, కాలిఫోర్నియా తీరాన ఐరింగ్, క్రిస్టెన్‌సెన్, రైట్ అనే శాస్త్రవేత్తలకు ఈ ప్రతిధ్వని పొర కనబడింది. సముద్రం అడుగేనని భ్రమపెట్టే పొర అది. 1945లో మార్టిన్ జాన్సన్ అది సాయంత్రం లేస్తోందని చూపాడు. నేల లేవదు కదా, ప్రాణులే లేవాలి!

లాంతరు చేప చీటీ
• జాతులు: సుమారు 250
• మేత: కోపిపాడ్ల వంటి చిరు జీవులు
• తినేవి: ట్యూనా, స్క్విడ్, దక్షిణ సముద్రాల్లో కింగ్ పెంగ్విన్
• జాతి గుర్తు: దీపాల అమరిక

ఇప్పుడు అదే ప్రతిధ్వని కొత్త ఆశ పుట్టిస్తోంది. లాంతరు చేపల వంటి మధ్యలోతుల చేపలు ప్రపంచమంతటా 100 కోట్ల టన్నులని పాత అంచనా. వలకు చిక్కకుండా తప్పుకుంటాయి కాబట్టి 1,000 కోట్ల టన్నులు ఉండొచ్చని, ప్రతిధ్వనుల ఆధారంగా 2014 నాటి అధ్యయనం చెప్పింది. చేపపొడికి ఇంతకంటే ఏం కావాలి? మన రొయ్యల చెరువుల మేతలోనూ పడేది అదేగా. కానీ గాలితిత్తి పరిమాణానికి శబ్దపు పౌనఃపున్యం సరిపడితే కొద్ది చేపలే పెద్ద మోత మోగిస్తాయి. గాలి బుడగలున్న జెల్లీ జీవులూ చేపల్లాగే పలుకుతాయి. పైగా ఈ చేపలు పైన తిన్న కర్బనాన్ని రోజూ లోతుకు మోసుకుపోతున్నాయి; వీటిని పట్టేస్తే ఆ పని తగ్గిపోతుంది.

ప్రతిధ్వనిని నమ్మి ఒకసారి చేపను నేల అనుకున్నాం. మళ్లీ దాన్నే నమ్మి నిధి అనుకోవద్దు. ముందు లెక్క తేలాలి, తరవాతే వల.