ఆవర్తన పట్టికలో పరమాణు పరిమాణం

పరమాణు కేంద్రకం నుండి చిట్టచివరి ఎలక్ట్రాన్ కర్పరం వరకు గల దూరాన్ని పరమాణు వ్యాసార్ధం అంటారు. పరమాణు పరిమాణాన్ని ఈ వ్యాసార్ధంతోనే సూచిస్తారు. దీనిని పికోమీటర్లలో కొలుస్తారు. ఒక పికోమీటరు మీటరులో లక్ష కోట్లవ వంతు. మూలకాల పరమాణు భారాలకు, పరమాణు ఘనపరిమాణాలకు మధ్య గ్రాఫు గీసి, ఈ ధర్మం ఆవర్తనమవుతుందని 1870లో జర్మన్ శాస్త్రవేత్త లోథర్ మేయర్ చూపాడు. ఆ గ్రాఫులో శిఖరాలపై ఉన్నవి క్షార లోహాలు.

వ్యాసార్ధం రకాలు

ఎలక్ట్రాన్ మేఘానికి కచ్చితమైన సరిహద్దు లేదు. అందువలన ప్రక్కప్రక్కనున్న రెండు పరమాణువుల కేంద్రకాల మధ్య దూరాన్ని కొలిచి, అందులో సగాన్ని వ్యాసార్ధంగా తీసుకుంటారు.

సమయోజనీయ వ్యాసార్ధం: క్లోరిన్ అణువులో కేంద్రకాల మధ్య దూరం సుమారు 198 పికోమీటర్లు. కాబట్టి క్లోరిన్ వ్యాసార్ధం 99.

లోహ వ్యాసార్ధం: రాగి స్ఫటికంలో ఈ దూరం 256 పికోమీటర్లు. కాబట్టి రాగి వ్యాసార్ధం 128.

వాన్ డర్ వాల్స్ వ్యాసార్ధం: బంధం లేకుండా తాకుతూ ఉన్న పరమాణువులకు వర్తిస్తుంది. ఇది మిగిలినవాటికంటె ఎక్కువగా ఉంటుంది.

ఒక రకం విలువను మరొక రకం విలువతో పోల్చరాదు. కొన్ని పట్టికలలో ఫ్లోరిన్ కంటె నియాన్ చాలా పెద్దదిగా కనిపించడానికి కారణం, నియాన్‌కు వాన్ డర్ వాల్స్ విలువను, ఫ్లోరిన్‌కు సమయోజనీయ విలువను ఇవ్వడమే.

గ్రూపులో మార్పు

గ్రూపులో పైనుండి క్రిందికి పోయేకొద్దీ ఒక్కొక్క కొత్త కర్పరం చేరుతుంది. కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగినప్పటికీ, లోపలి ఎలక్ట్రాన్లు ఆ ఆకర్షణను బయటి ఎలక్ట్రాన్ల వరకు పూర్తిగా చేరనివ్వవు. దీనిని పరిరక్షక ప్రభావం అంటారు. అందువలన పరిమాణం పెరుగుతుంది. లోహ వ్యాసార్ధాలు లిథియంకు 152, సోడియంకు 186, పొటాషియంకు 227, సీసియంకు 265 పికోమీటర్లు.

పీరియడులో మార్పు

పీరియడులో ఎడమ నుండి కుడికి పోయేకొద్దీ ఎలక్ట్రాన్లు అదే కర్పరంలో చేరుతాయి. ఒకే కర్పరంలోని ఎలక్ట్రాన్లు ఒకదానినొకటి అంతగా పరిరక్షించలేవు. ప్రోటాన్ల సంఖ్య మాత్రం ఒక్కొక్కటిగా పెరుగుతుంది. కేంద్రకం బయటి ఎలక్ట్రాన్లను మరింత గట్టిగా లాగుతుంది. అందువలన ఎలక్ట్రాన్లు పెరిగినా పరమాణువు చిన్నదవుతుంది. సమయోజనీయ వ్యాసార్ధాలు లిథియంకు సుమారు 128, కార్బన్‌కు 76, ఫ్లోరిన్‌కు 57 పికోమీటర్లు.

అయాన్ల పరిమాణం

ఎలక్ట్రాన్‌ను కోల్పోయిన పరమాణువు చిన్నదవుతుంది, గ్రహించినది పెద్దదవుతుంది. సోడియం లోహ వ్యాసార్ధం 186 కాగా, సోడియం అయాన్‌ది 102 మాత్రమే. క్లోరైడ్ అయాన్ వ్యాసార్ధం 181. అనగా ఉప్పు స్ఫటికంలో సోడియం కంటె క్లోరినే పెద్దది.

లాంథనైడ్ సంకోచం

లాంథనైడ్లలో కొత్త ఎలక్ట్రాన్లు 4ఎఫ్ ఆర్బిటాళ్లలో చేరుతాయి. ఇవి కేంద్రక ఆవేశాన్ని సరిగా పరిరక్షించలేవు. అందువలన మూడు ధనావేశాలు గల అయాన్ల వ్యాసార్ధం లాంథనం నుండి లుటీషియం వరకు 103 నుండి 86 పికోమీటర్లకు క్రమంగా తగ్గుతుంది. దీనినే లాంథనైడ్ సంకోచం అంటారు.

ఈ సంకోచం తరువాతి మూలకాలపైనా ప్రభావం చూపుతుంది. గ్రూపులో జిర్కోనియం క్రింద ఉన్న హాఫ్నియం దానికంటె పెద్దదిగా ఉండవలసినది. కాని వాటి లోహ వ్యాసార్ధాలు వరుసగా 160, 159. హాఫ్నియం పరమాణు భారం దాదాపు రెట్టింపు కావడం వలన సాంద్రత కూడా దాదాపు రెట్టింపు ఉంటుంది. రసాయన ధర్మాలు మాత్రం ఎంతో సమీపంగా ఉంటాయి. జిర్కోనియం ఖనిజాలలో కలిసి ఉన్న హాఫ్నియంను ఎక్స్-రే వర్ణపటం సాయంతో డర్క్ కోస్టర్, జార్జ్ హెవెసీ కోపెన్‌హాగన్‌లో గుర్తించినది 1923లో.

ప్రాముఖ్యత

జిర్కోనియం న్యూట్రాన్లను చాలా తక్కువగా శోషిస్తుంది, హాఫ్నియం ఎక్కువగా శోషిస్తుంది. అణు రియాక్టర్లలో ఇంధన గొట్టాలను జిర్కోనియం మిశ్రమలోహంతో తయారు చేస్తారు. అందులో హాఫ్నియం మిగిలితే అది చర్యకు అవసరమైన న్యూట్రాన్లను హరిస్తుంది. పరిమాణం సమానంగా ఉండడం వలన ఈ రెండింటిని వేరు చేయడం కష్టం. భారతదేశంలో ఇటువంటి ఇంధన గొట్టాలను హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారు చేస్తుంది.