గుండెపోటు తరువాత కుంగుబాటు: శరీరంలో జరిగేదేమిటి?

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దల నాటి సామెత. గుండెపోటు వచ్చి, ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన పెద్దాయన పలుకు లేకుండా అరుగు మీద కూర్చుంటే ఇంటిల్లిపాదీ ఆ సామెతనే తలచుకొని ఊరుకుంటారు. చావు అంచు దాకా వెళ్ళి వచ్చినవాడికి దిగులుండదా, నాలుగు వారాలైతే సర్దుకుంటాడు అంటారు. చాలామంది విషయంలో అలాగే సర్దుకుంటుంది కూడా. అయితే గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరికి ఆ దిగులు తీవ్రమైన కుంగుబాటుగా, వైద్యులు డిప్రెషన్ అనే వ్యాధిగా పరిణమిస్తుంది. ఆ వ్యాధి మనసులోనే నిలిచిపోదు. నాడుల ద్వారా, రక్తం ద్వారా మరల గుండెనే చేరుతుంది.

ఈ సంగతిని గట్టిగా ముందుకు తెచ్చిన పరిశోధన 1993లో కెనడా నుండి వెలువడింది. మాంట్రియల్ నగరంలోని హృదయ వైద్య సంస్థలో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం గుండెపోటు వచ్చిన 222 మందిని పరిశీలించింది. వారిలో 35 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉన్నట్లు తేలింది. ఆరు నెలలు తిరిగేసరికి కుంగుబాటు ఉన్నవారిలో సుమారు 17 శాతం, లేనివారిలో సుమారు 3 శాతం మరణించారు. గుండె ఎక్కువగా దెబ్బతిన్నవారే ఎక్కువగా కుంగిపోయి ఉంటారు గదా అన్న సందేహం సహజమే. గుండెకు తగిలిన దెబ్బ తీవ్రతను లెక్కలోనికి తీసుకొన్న తరువాత కూడా ఆ తేడా మిగిలియే ఉన్నది.

కారణాలలో మొదటిది నాడులకు సంబంధించినది. బండి తోలేవాని చేతిలో ముల్లుకర్రా, పగ్గమూ రెండూ ఉన్నట్లే, గుండెను నడిపే నాడులు కూడా రెండు రకాలు. ఒక రకం వేగాన్ని పెంచుతుంది. రెండవది, మెదడు నుండి దిగి వచ్చే వేగస్ నాడి, నిదానింపజేస్తుంది. ఈ రెండింటి లాగుడు వలన ఆరోగ్యవంతుని గుండె గడియారం వలె సమంగా కొట్టుకోదు. ఊపిరి తీసినప్పుడు కొంచెం వేగంగా, విడిచినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. బడిలో ఈ మాట చెబితే పిల్లలు నమ్మరు, వెంటనే మణికట్టు పట్టి చూసుకుంటారు. కుంగుబాటు ఉన్న రోగులలో ఈ సహజమైన హెచ్చుతగ్గులు తగ్గిపోవడం కనబడింది. పగ్గం వదులై, ముల్లుకర్ర ఆడుతూనే ఉంటుందన్నమాట. గాయపడిన గుండెకు ఇది మంచిది కాదు. లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది.

రెండవది కార్టిసాల్ అనే హార్మోను. ఇది మూత్రపిండాల మీద ఉన్న అధివృక్క గ్రంథులలో పుడుతుంది. ఉదయం ఎక్కువగా ఉండి రాత్రికి తగ్గవలసిన ఈ హార్మోను, కుంగుబాటు ఉన్న పలువురిలో తగినంతగా తగ్గదు. దాని వలన రక్తపోటు, రక్తంలో చక్కెర, నడుము చుట్టూ కొవ్వు పెరుగుతాయి.

మూడవది రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల వ్యవహారం. కొడవలి తెగి రక్తం కారినప్పుడు గాయాన్ని మూసేవి ఇవే. మనోభావాలతో సంబంధమున్నదని చెప్పే సెరటోనిన్ అనే రసాయనం రక్తంలో అధిక భాగం వీటిలోనే నిలువ ఉంటుంది. ప్లేట్‌లెట్ రెచ్చినప్పుడు దానిని వెదజల్లి మరికొన్నింటిని పిలుస్తుంది. కుంగుబాటు ఉన్నవారి ప్లేట్‌లెట్లు త్వరగా రెచ్చిపోయే స్వభావంతో ఉన్నట్లు కొన్ని పరీక్షలలో కనిపించింది. ఇదివరకే ఇరుకైన హృదయధమనిలో చిన్న గడ్డ చాలు, దారి మూసుకుపోవడానికి.

ఇక నాలుగవది రెండు వైపులా నడిచే దారి. జ్వరం వచ్చినప్పుడు మనకు అన్నం సహించదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, ముసుగు తన్ని పడుకుంటాం. రోగంతో పోరాడే రసాయనాలు మెదడుకు పంపే ఆజ్ఞ అది. గుండెపోటులో చనిపోయిన కండరాన్ని శుభ్రపరచడానికి కూడా శరీరం అటువంటి రసాయనాలనే విడుదల చేస్తుంది. అందుచేత ఆ పెద్దాయన మౌనంలో కొంత భాగం గుండె నుండి మెదడుకు చేరినదే. ఆయనను పిరికివాడని ఎత్తిపొడవడం అన్యాయం. మరొకవైపు, కుంగుబాటు ఉన్నవారి రక్తంలో ఇటువంటి రసాయనాలు హెచ్చుగా ఉండడం, అవి ధమనుల లోపలి పొరను బాధించడం కూడా పరిశోధకులు గమనించారు.

మాత్రలు మానివేయడం, మరల బీడీ ముట్టడం, నడక వదలివేయడం వంటివి చెప్పనక్కరలేదు. జీవరసాయనాలతో పాటు ఇవీ గుండెను దెబ్బతీస్తాయి.

చికిత్స ఫలితాల విషయంలో అతిశయోక్తి తగదు. 2002లో ప్రకటించిన పరిశోధనలో 369 మంది హృద్రోగులకు సెర్ట్రలిన్ ఇచ్చి, లేదా ఉత్తి మాత్ర ఇచ్చి పోల్చారు. ఆ మందు గుండెకు హాని చేయలేదని తేలింది. 2003లో 2,481 మందితో అమెరికాలో జరిగిన పరిశోధనలో మాటలతో చేసే మానసిక చికిత్స దిగులును తగ్గించింది గాని ఆయుర్దాయాన్ని పెంచలేదు. 2018లో దక్షిణ కొరియా వైద్యులు 300 మంది విషయంలో భిన్నమైన ఫలితం చూపారు. ఆరు నెలలు ఎస్సిటలోప్రామ్ వాడినవారిలో తరువాతి ఎనిమిదేళ్ళలో 40.9 శాతం మందికి, వాడనివారిలో 53.6 శాతం మందికి మరల గుండె ఉపద్రవాలో మరణమో సంభవించాయి. ఆయువు సంగతి ఇంకా తేలవలసి ఉన్నా, మనిషి మరల అన్నం తిని, నిద్రపోయి, మనుమలతో మాట్లాడడమే చిన్న లాభం కాదని నా అభిప్రాయం.

మన సరిహద్దు గ్రామాలలో మరొక చిక్కున్నది. శ్రీనివాసపురం వారు కోలారుకూ, హోసూరు వారు బెంగళూరుకూ, పర్లాకిమిడి వారు బరంపురానికీ వైద్యానికి వెళతారు. రోగి తెలుగులో చెబుతాడు, బడి చదివే మనుమడు దానిని కన్నడంలోనో ఒడియాలోనో చెబుతాడు. "గుండె బరువుగా ఉంది" అన్నది ఛాతీ నొప్పిగా మారుతుంది, "మనసు బాగులేదు" అన్నది సిగ్గుతో చెప్పకుండానే ఉండిపోతుంది. కన్నడంలో బేజారు అంటే విసుగూ కావచ్చు, దుఃఖమూ కావచ్చు. కనుక ఒక్క మాటతో సరిపెట్టక, జరుగుతున్నదే చెప్పాలి: రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తున్నది, తిండి తగ్గింది, బ్రతికి ఏం లాభం అంటున్నాడు. ఈ చివరి మాట వినబడితే మనిషిని ఒంటరిగా వదలక ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకుపోవాలి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ-మానస్ నంబరు 14416కు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు, భాషను ఎంచుకొనే వీలున్నది.

ఛాతీలో నొప్పి వస్తే మాత్రం అది దిగులు వలన వచ్చినదని ఇంటివద్ద తీర్మానించరాదు, ఆసుపత్రికే వెళ్ళాలి. కుంగుబాటుకు వాడే పాత మందులు కొన్ని గుండె జబ్బు ఉన్నవారికి సరిపడవు. కొత్తవాటిలో కొన్ని ప్లేట్‌లెట్ల పట్టును తగ్గిస్తాయి గనుక, ఆస్పిరిన్‌తో కలిసినప్పుడు రక్తస్రావం జరగవచ్చు. మానసిక వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు గుండె మాత్రల చీటీని, గుండె వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు మనసు మాత్రల చీటీని వెంట తీసుకొని వెళ్ళండి.