మూర్ఛకు వస కొమ్ము.. ఎలుకల పరీక్ష తేల్చిందెంత?

పసిబిడ్డకు మాటలు త్వరగా రావాలని వస కొమ్మును అరగదీసి నాలుకకు రాయడం తెలుగు ఇళ్లలో పాత ఆచారం. ‘వచ’ పేరిట ఇదే దుంపను ఆయుర్వేదం అపస్మారానికి, అంటే మూర్ఛ వ్యాధికి వాడుతోంది. ఈ వాడకంలో బలమెంతో తేల్చేందుకు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలల్లో ఎలుకలపై పరీక్షలు జరిపారు.

ముందుగా ఎండిన దుంపను పొడి చేసి, ఆల్కహాలు వంటి ద్రావకంలో నానబెట్టి సారాన్ని తీస్తారు. ఎలుకలను గుంపులుగా విభజిస్తారు. ఒక గుంపుకు మందు ఉండదు. మరో గుంపుకు ఫెనిటాయిన్ వంటి తెలిసిన మందు, మిగిలిన వాటికి వేర్వేరు మోతాదుల్లో వస సారం ఇస్తారు. ఆపై చెవులకు క్లిప్పులు తగిలించి సెకనులో ఐదో వంతు కాలం విద్యుత్తు పంపుతారు. మందు పనిచేయకపోతే ఎలుక వెనుక కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి. రెండో పద్ధతిలో పెంటిలిన్‌టెట్రజోల్ అనే రసాయనాన్ని సూదితో ఎక్కించి, ఫిట్స్ ఎంతసేపటికి మొదలయ్యాయో లెక్కిస్తారు. ఇందుకు సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి.

ఈ తరహా పరీక్షను తేలిగ్గా తీసిపారేయలేము. 1908లోనే తయారై మూలన పడి ఉన్న ఫెనిటాయిన్ మూర్ఛకు పనికొస్తుందని 1930ల చివర్లో అమెరికాలో బయటపడింది పిల్లులకు విద్యుత్ షాక్ ఇచ్చి చూసినప్పుడే. అయితే ఈ పరీక్షలు మోసమూ చేస్తాయి. నేడు విరివిగా వాడుతున్న లెవెటిరాసెటమ్ పై రెండు పరీక్షల్లోనూ నెగ్గలేదు. మత్తు కలిగించే పదార్థమేదైనా ఫిట్స్‌ను తగ్గించినట్లే కనిపించవచ్చు. అందుకే మందు తాగిన ఎలుకను తిరిగే కడ్డీపై నిలిపి, జారిపడుతోందో లేదో కూడా చూస్తారు.

వస సారం ఇచ్చిన ఎలుకల్లో రసాయనం వల్ల వచ్చే ఫిట్స్ ఆలస్యమైనట్లు ప్రయోగాల్లో వెల్లడైంది. ఇంతవరకు శుభవార్తే. చిక్కంతా బీటా అసరోన్‌తో. వసలోని ఈ పదార్థాన్ని దీర్ఘకాలం తిన్న ఎలుకల్లో పేగు కణితులు పుట్టాయి. దీంతో 1968లో అమెరికా ఆహార పదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించింది. భారతీయ రకాల్లో ఇది అధికం. దుంపను గోమూత్రం, కషాయాల్లో ఉడికించి శుద్ధి చేశాకే వాడాలని ఆయుర్వేదమూ చెబుతోంది. పచారీ కొట్టులో కొన్న కొమ్ముకు ఆ శుద్ధి జరిగిందో లేదో అడిగేవారు అరుదు.

ఎలుకల తర్వాత విషలక్షణ పరీక్షలు, ఆపై మనుషులపై దశలవారీ పరీక్షలు ఉంటాయి. మూర్ఛ మందుగా వస ఆ దారిని ఇంకా దాటలేదు. ఈలోగా నాటుమందును నమ్మి మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణాపాయం ఏర్పడుతుంది. వస వాడుతున్న రోగులు ఆ సంగతిని వైద్యునికి ముందే చెప్పాలి. మాత్రల మోతాదు తగ్గించాలన్నా, ఆపాలన్నా ఆయన సలహాతో క్రమంగానే చేయాలి.