కారు ఎవరి పేరు మీద?

క్యారీ నుంచి అర్జెంటీనా దాకా కారులో వెళ్ళొచ్చా అని అడిగితే, మ్యాపు చూసినవాళ్ళు ఎవరైనా వెళ్ళొచ్చనే అంటారు. ఉత్తర కరోలినా నుంచి టెక్సస్, అక్కడి నుంచి మెక్సికో, దాని కింద వరసగా చిన్న చిన్న దేశాలు, ఆ తర్వాత దక్షిణ అమెరికా. నేల ఎక్కడా తెగలేదు. రోడ్డే ఒకచోట తెగింది. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా ఉందని చెప్పుకునే పాన్ అమెరికన్ హైవే పనామాలో యవీసా అనే ఊళ్ళో ఆగిపోతుంది. మళ్ళీ మొదలయ్యేది కొలంబియాలో. మధ్యలో సుమారు 100 కిలోమీటర్ల అడవి, కొండలు, చిత్తడి నేలలు. దాన్నే డేరియన్ గ్యాప్ అంటారు.

వంద కిలోమీటర్లంటే విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళి, కాస్త ఇటూ అటూ తిరిగినంత దూరం. చంద్రుడి మీదికి మనిషిని పంపిన కాలంలో ఆ మాత్రం రోడ్డు వెయ్యలేకపోయారా? వెయ్యాలనే అనుకున్నారు. 1970లలో అమెరికా డబ్బు కూడా పెట్టబోయింది. పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్ళాయి. అడవి పోతుందన్నది ఒక భయం. దక్షిణ అమెరికా పశువుల్లో ఉన్న గాలికుంటు వ్యాధి ఆ రోడ్డు వెంట ఉత్తరానికి పాకుతుందన్నది ఇంకో భయం. పని ఆగింది. 1981లో డేరియన్ నేషనల్ పార్కు యునెస్కో జాబితాలో చేరింది. అక్కడ తరతరాలుగా ఉంటున్న ఎంబెరా, వౌనాన్, గునా జనానికి రోడ్డు లేకపోవడం లోటా, రక్షణా అనేది ఇప్పటికీ తెగని వాదన.

కారుతో ఆ అడవిని దాటినవాళ్ళు లేకపోలేదు. 1960లో ఒక ల్యాండ్ రోవరూ ఒక జీపూ పనామా వైపు నుంచి బయల్దేరి, చెట్లు కొట్టుకుంటూ, వాగుల మీద దుంగలతో వంతెనలు కట్టుకుంటూ కొలంబియా చేరాయి. అందుకు పట్టిన కాలం 136 రోజులు. సగటు వేగం గంటకి 200 మీటర్లు. మిగతా లోకం అంతా చేసేది ఒకటే. కారుని పనామాలో ఓడ ఎక్కించడం, మనం విమానంలో వెళ్ళి కొలంబియాలో దించుకోవడం. 2023లో నేనూ మా ఆవిడా చేసింది కూడా అదే.

ఈ ప్రయాణం గురించి మాట్లాడితే మనవాళ్ళు ముందు రోడ్ల గురించి అడుగుతారు, తర్వాత దొంగల గురించి, ఆ తర్వాత అన్నం ఎక్కడ దొరికిందని. నిజానికి మా తల తిన్నది కాగితాలు. అందులోనూ రెండు దస్త్రాలు: ఒకటి మాది, ఒకటి కారుది.

ముందు మాది చెప్తాను, ఎందుకంటే క్యారీలో ఇలాంటి ఆలోచన ఉన్న చాలామంది అక్కడే ఆగిపోతారు. హెచ్1బి మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయినవాళ్ళు మెక్సికో వెళ్ళి ముప్ఫై రోజుల్లోపు వెనక్కి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. గ్వాటెమాలాలో అడుగుపెడితే అది పనికిరాదు. అంటే కారు దాటగలిగిన సరిహద్దుని దాని యజమాని దాటి వెనక్కి రాలేడు. అందుకే మేము గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఆగాం. అప్పుడు కూడా అయిదు నెలల్లో తిరిగి వచ్చేలా లెక్క వేసుకున్నాం. ఆరు నెలలు దాటితే వచ్చేటప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి, ఏడాది దాటితే కార్డుకే ఎసరు.

ఇక కారు దస్త్రం. ప్రతి దేశమూ మన కారుని తాత్కాలిక దిగుమతి కిందే లోపలికి రానిస్తుంది. ఇన్ని రోజుల్లోపు బయటికి తీసుకుపోతానని మన పేరు మీద ఒక కాగితం రాసిస్తారు. మెక్సికో అయితే డిపాజిట్ కూడా కట్టించుకుంటుంది, కొత్త కార్లకి నాలుగు వందల డాలర్లు. కారు తెచ్చినవాడు కారు లేకుండా దేశం దాటబోతే, అమ్ముకున్నావా అని అడుగుతారు. పన్ను కట్టమంటారు, లేదా కదలనివ్వరు. సెంట్రల్ అమెరికాలో నాలుగు దేశాలు కలిపి మనుషులకి ఒకటే తొంభై రోజుల లెక్క పెట్టుకున్నాయి. కారుకి మాత్రం ప్రతి సరిహద్దులోనూ కొత్త కాగితం, కొత్త క్యూ.

ఆ కాగితానికి ప్రాణం కారు ఛాసిస్ నంబరు. పదిహేడు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. సున్నాకీ ఓకీ, ఒకటికీ ఐకీ తేడా తెలియకుండా పోతుందని ఐ, ఓ, క్యూ అక్షరాలని అసలు వాడరు. డేటాబేసులతో రోజూ కుస్తీ పట్టే నాకు ఆ జాగ్రత్త చాలా నచ్చింది. అయినా ఒక సరిహద్దులో గుమస్తా సున్నా బదులు ఓ కొట్టాడు. కిటికీ దగ్గరే నిలబడి అక్షరం అక్షరం సరిచూసుకుంటే పది నిమిషాల పని. అలాగే వచ్చేస్తే, పనామాలో పోలీసు తనిఖీ దగ్గర కారు ఆపేస్తారు. ఓడ ఎక్కించే ముందు ఆ తనిఖీ తప్పనిసరి. బానెట్ ఎత్తి నంబరు చూస్తారు, కాగితంతో పోలుస్తారు, దొంగబండి కాదని పత్రం ఇస్తారు. ఆ పత్రం లేకపోతే పోర్టు గేటు తెరుచుకోదు. మాకు ఇంకో ప్రశ్న కూడా ఎదురైంది: ముందు నంబరు ప్లేటేదీ? ఉత్తర కరోలినా వెనక ప్లేటు ఒక్కటే ఇస్తుందని నా వచ్చీరాని స్పానిష్‌లో ఎన్ని సరిహద్దుల్లో చెప్పానో లెక్కలేదు.

తర్వాత పేరు. కారు టైటిల్ మీద, పాస్‌పోర్టు మీద, ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ మీద పేరు ఒకేలా ఉండాలి. తెలుగువాళ్ళ పేర్ల సంగతి మీకు తెలుసు. ఇంటిపేరు, పేరు, పేరులోనే మూడు ముక్కలు. స్పానిష్ మాట్లాడే దేశాల్లో మనిషికి రెండు ఇంటిపేర్లు, నాన్నది ఒకటి, అమ్మది ఒకటి. మా ఏజెంటు నా పేరులో చివరి రెండు ముక్కల్నీ ఇంటిపేర్లనుకుంది. డ్రాఫ్టు చూసి నేను దిద్దమంటే, మరి మీ అమ్మగారి ఇంటిపేరేది అని అడిగింది. మా అమ్మ పుట్టింటి పేరు ఏ కాగితంలోనూ లేదని చెప్తే నమ్మలేనట్టు చూసింది. నాకూ అప్పుడే కొంచెం వింతగా అనిపించింది.

కారుని పంపడానికి రెండు దారులు. ఒకటి రోరో. తాళంచెవి ఇచ్చేస్తే వాళ్ళే ఓడలోకి నడుపుకుపోతారు. చవక, ఎత్తు సమస్య లేదు. కానీ మన చెవి ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో తెలియదు, లోపల సామాను ఉంచకపోవడం మేలు. రెండోది కంటైనర్. నలభై అడుగుల కంటైనర్‌లో రెండు బళ్ళు పడతాయి కాబట్టి సాధారణంగా ఇద్దరు కలిసి పంచుకుంటారు. మేము ఒక జర్మన్ జంటతో కలిశాం. వాళ్ళ పాత ల్యాండ్ క్రూయిజర్ మీద టెంటు ఉంది కాబట్టి మామూలు కంటైనర్ చాలదు, తలుపు ఎత్తు రెండున్నర మీటర్లు దాటే హై క్యూబ్ కావాలి.

కోలోన్ పోర్టు యార్డులో కారుని నేనే లోపలికి నడిపాను. కంటైనర్ లోపలి వెడల్పు 2.35 మీటర్లు. మా ఫోర్ రన్నర్ వెడల్పు 1.92. అంటే రెండు పక్కలా కలిపి నలభై మూడు సెంటీమీటర్లు. అద్దాలు మడిచి లోపలికి పోనిచ్చాక తలుపు తెరుచుకోదు. కిటికీ లోంచి పాక్కుంటూ బయటపడాలి. పెట్రోలు పావు ట్యాంకు మించకూడదు, వంట గ్యాసు సిలిండరు ఉండకూడదు, బ్యాటరీ తీగ ఊడదీయాలి. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, పట్టీలతో నేలకి బిగించి, తలుపులు మూసి సీలు వేశారు. ఆ సీలు నంబరు ఫోటో తీసుకున్నాం. క్యారీ వేంకటేశ్వర స్వామి గుడి ముందు నిమ్మకాయలు తొక్కించి బయల్దేరిన బండి, నాలుగు వేల మైళ్ళకి పైగా తిరిగి, ఒక నంబరున్న ఇనప్పెట్టెలో సరుకుగా మారింది.

ఆ రాత్రే రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. మావయ్యగారికి గుండెనొప్పి. ఆసుపత్రిలో చేర్చారు, స్టెంటు వెయ్యాలంటున్నారు. అత్తయ్యగారు, "ఏం కంగారు లేదు బాబూ, మీ పని చూసుకోండి" అన్నారు. కంగారు లేకపోతే ఆ వేళప్పుడు ఫోన్ చెయ్యరు.

ఇలాంటి ఫోన్ వస్తే ఏం చెయ్యాలో క్యారీలోనే మాట్లాడుకున్నాం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా కష్టమైన సంభాషణ అదే. కారు మొదట ఇద్దరి పేర్లతో ఉండేది. రెండు పేర్లుంటే, ఒకరు పక్కన లేనప్పుడు రెండోవారి అనుమతి పత్రం నోటరీ చేయించి చూపించమంటారు. ఒక్క పేరే ఉంటే పని సులువు. కానీ ఆ పేరు ఎవరిదైతే వాళ్ళు కారుకి కట్టుబడిపోతారు. రెండోవాళ్ళు ఏ దేశం నుంచైనా, ఏ నిమిషమైనా విమానం ఎక్కవచ్చు. కాబట్టి ప్రశ్న ఇది: ఎవరికి ముందు ఇంటి నుంచి పిలుపు వస్తుంది?

మా అమ్మానాన్నల దగ్గర మా అన్నయ్య ఉన్నాడు. తను ఒక్కతే కూతురు. అంతకు రెండేళ్ళ ముందు నుంచే మావయ్యగారు బీపీ మాత్రల మీద ఉన్నారు. ఇవన్నీ వంటగదిలో టేబులు ముందు కూర్చుని పైకి అనుకున్నాం. అనుకుని, కారుని నా ఒక్కడి పేరు మీదికి మార్పించాం. తల్లిదండ్రుల ఆరోగ్యాన్ని అలా లెక్కలేసి చూడడం ఇద్దరికీ నచ్చలేదు. కానీ ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళందరం లోపల్లోపల ఆ లెక్కలు వేస్తూనే ఉంటాం. కారు కాగితం మా చేత పైకి అనిపించింది, అంతే.

పొద్దున్నే పనామా సిటీ నుంచి తను బయల్దేరింది. "నువ్వు కార్తహేనా వెళ్ళు. నాన్న సంగతి నేను చూస్తా," అంది. అంతకుమించి మాట్లాడుకోవడానికేం లేదు.

నా విషయంలో ఒక చిత్రం జరిగింది. సీలు పడగానే పనామా కస్టమ్స్ నా కారు కాగితాన్ని రద్దు చేసింది. కొలంబియా కాగితం ఇంకా పుట్టలేదు. అంటే కారు సముద్రం మీద ఉన్న ఆ కొద్దిరోజులు, మొత్తం ప్రయాణంలో నన్ను ఏ దేశమూ పట్టుకుని లేని రోజులు. నేను కూడా విమానం ఎక్కేయొచ్చు. అయితే ఓడకి పట్టేది ఒక రోజు ప్రయాణం. కార్తహేనాలో కంటైనర్ దిగాక రోజుకింత అని పోర్టు అద్దె పెరుగుతూ పోతుంది. సీలు తీయించాలంటే బిల్ ఆఫ్ లేడింగ్ మీద పేరున్న మనిషి ఉండాలి. పైగా ఆ పెట్టెలో వెనక ఉన్నది జర్మన్లది, తలుపు దగ్గర ఉన్నది నాది. నేను వెళ్ళకపోతే వాళ్ళ బండి కూడా బయటికి రాదు. మావయ్యగారికి స్టెంటు వేసేశారని, బాగానే ఉన్నారని కబురు వచ్చాకే నేను కార్తహేనా విమానం ఎక్కాను. గంటలో దిగాను.

విమానం కిటికీలోంచి కింద మబ్బులే తప్ప ఏమీ కనబడలేదు. ఆ ఏడాది డేరియన్ అడవిని ఎదురు దిశలో, ఉత్తరానికి నడిచి దాటినవాళ్ళు అయిదు లక్షలకి పైగా ఉన్నారు. వెనెజువేలా వాళ్ళు ఎక్కువ, మన దేశం వాళ్ళూ ఉన్నారు. వాళ్ళకీ ఇళ్ళ నుంచి ఫోన్లు వస్తాయి. వెనక్కి వెళ్ళడానికి టికెట్టు కొనుక్కునే వీలు మాత్రం వాళ్ళకి లేదు. నా కాగితాల గోల ఎంత చిన్నదో ఎప్పుడైనా మర్చిపోతే, దాన్ని గుర్తు చేసుకుంటాను.

కార్తహేనా పోర్టులో హెల్మెట్టు, బూట్లు వేసుకుని, నాలుగు రోజులు కిటికీల చుట్టూ తిరిగాక సీలు తీశారు. నంబరు సరిపోయింది. మళ్ళీ కిటికీలోంచి పాక్కుంటూ దూరి, బ్యాటరీ తీగ తగిలించి, రివర్స్‌లో బయటికి తీశాను. మూడు వారాల తర్వాత తను మెడెయీన్‌లో దిగింది, మావయ్యగారు పంపిన జీడిపప్పు పాకం పొట్లంతో సహా. అక్కడి నుంచి ఉరుగ్వే దాకా ఇద్దరం కలిసే వెళ్ళాం. మాంటెవీడియోలో కారుని రోరో ఓడ ఎక్కించి బాల్టిమోర్‌లో దించుకున్నాం.

ఇప్పుడు మిత్రులు, క్యారీ నుంచి ఇండియాకి కారులో వెళ్ళడం ఎలా అని సరదాగా అడుగుతుంటారు. అట్లాంటిక్ ఒక్కటే ఓడ మీద దాటాల్సింది కాదు. యూరప్ నుంచి టర్కీ, ఇరాన్ దాకా నేల ఉంది. ఆ తర్వాత పాకిస్తాన్. భారతీయ పాస్‌పోర్టుకి అక్కడ కారుతో దారి దొరకడం డేరియన్ కన్నా కష్టం. కాబట్టి గల్ఫ్ నుంచి ముంబైకి మళ్ళీ ఓడే. కార్నే అనే పుస్తకం కూడా కావాలి. కారుని తిరిగి బయటికి తీసుకుపోతామని పూచీ ఇచ్చే పత్రం అది, భారీ హామీ సొమ్ము కట్టి తీసుకోవాలి. పోనీ, కారుని అక్కడే ఉంచేద్దామంటే, దిగుమతి చేసుకునే పాత కారు మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీలో ఏం దొరుకుతుందో తర్వాత వెళ్ళేవాళ్ళ కోసం రాసిపెట్టాడు. ఆ ధోరణిలోనే నేనూ చెప్పగలిగింది చెప్తాను. బ్యాంకు అప్పు ఉన్న కారైతే ముందు బ్యాంకు అనుమతి పత్రం తీసుకోండి. ప్రతి సరిహద్దులో పదిహేడు అక్షరాలూ కిటికీ దగ్గరే చదవండి. కోస్టా రికా లాంటి చోట్ల, అత్యవసరమైతే కారుని కస్టమ్స్ గోదాములో పెట్టి దేశం దాటే వీలుంది. అలాంటి గోదాము ప్రతి దేశంలో ఎక్కడుందో వెళ్ళకముందే రాసిపెట్టుకోండి. అన్నిటికన్నా ముందు ఇద్దరూ కూర్చుని, కారు ఎవరి పేరు మీద ఉండాలో తేల్చుకోండి. ఆ మాట ఎత్తడానికి మనసు రాదు. అయినా ఇంజన్ ఆయిల్ మార్పించే లోపే అది తేలిపోవాలి.